నేల కిందా, నెత్తి మీదా?
మెట్రో రైలు లోతు మీద తెగని తగువు: ఒక సమీక్ష

నెల్లూరు జిల్లా అనంతసాగరం, ఆత్మకూరు వైపు వాళ్ళకు సొరంగం కొత్త సంగతి కాదు. పడమట కనిపించే వెలిగొండల కింద 2019 నుంచి రైళ్ళు తిరుగుతున్నాయి. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి వేసిన కొత్త లైన్లో చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 1న దాన్ని జాతికి అంకితం చేసింది ఒకప్పుడు ఉదయగిరి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచిన వెంకయ్యనాయుడు. అప్పటికాయన ఉపరాష్ట్రపతి. ఇంకా ఉత్తరాన నల్లమల కింద వెలిగొండ ప్రాజెక్టు కోసం ఒక్కొక్కటీ 18 కిలోమీటర్లు దాటిన జంట సొరంగాలు తవ్వారు. ఉదయగిరి మెట్టకు కృష్ణా నీళ్ళు రావలసింది వాటి గుండానే.

కొండ కింద తవ్వినప్పుడు లేవని వాదం ఊరి కింద తవ్వుదామనేసరికి లేస్తుంది. హైదరాబాద్‌లో మెట్రో మొదటి దశ మొత్తం స్తంభాల మీదే నడుస్తోంది. చెన్నైలో సుమారు సగం నేల కింద నడుస్తోంది. విజయవాడ, విశాఖపట్నాలకు ఇప్పుడు వేస్తున్న లెక్కలన్నీ మళ్ళీ స్తంభాల లెక్కలే. ఒకే కాలంలో, ఇంచుమించు ఒకే అవసరానికి, పక్కపక్క రాష్ట్రాల్లో ఇంత తేడా ఎందుకొచ్చింది? ఇంజనీర్లు రాయి అంటారు, వ్యాపారులు బతుకుతెరువు అంటారు, చరిత్రకారులు వారసత్వం అంటారు, బస్సు పక్షం వాళ్ళు అసలీ ఖర్చే దండగ అంటారు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ మెట్రో నుంచి ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, ఆ భారం తెలంగాణ ప్రభుత్వం ఎత్తుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరాక ఈ మాటలన్నీ కలగాపులగమయ్యాయి. విడదీసి చూడాల్సిన సమయం ఇది.

ముందు ఎవరు తవ్వారు

భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్‌లో మొదలైంది. ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా రోడ్డును నిలువునా చీల్చి, కందకంలో పట్టాలు వేసి, పైన కప్పేశారు. లోపల నడిచింది బొగ్గు ఇంజను. పొగ ఎటు పోవాలన్నదే అప్పటి పెద్ద సమస్య. రోడ్డును చీల్చకుండా లోతున గొట్టంలా తొలుచుకుపోయి, కరెంటు రైలు నడిపింది 1890లో. ఇప్పటికీ ఈ రెండు పద్ధతులే ఉన్నాయి: తవ్వి కప్పడం, తొలుచుకుంటూ పోవడం. చాలా నగరాల్లో స్టేషన్లకు మొదటిదీ, స్టేషన్ల మధ్య దారికి రెండోదీ వాడుతున్నారు.

మన దేశంలో మొదటి అనుభవం కలకత్తాది. లండన్ గొట్టపు రైళ్ళ ఇంజనీరు హార్లీ డాల్‌రింపుల్ హే 1920 ప్రాంతంలోనే ఆ నగరానికి ఒక పథకం గీసిచ్చాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. 1972 డిసెంబరులో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశాక, 1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్, భవానీపూర్ మధ్య 3.4 కిలోమీటర్లు తెరిచారు. పదహారున్నర కిలోమీటర్ల లైను పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఇరవై మూడేళ్ళు! ఆ కాలమంతా నగరం నడిబొడ్డున కందకాలు నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. భూగర్భ రైలంటే దేశమంతా భయం పుట్టించింది ఆ కందకాలే. హైదరాబాద్ ఆఫీసుల్లో కూడా తర్వాత చాలాకాలం ఆ భయం మాట్లాడింది.

ఆ భయాన్ని పోగొట్టింది ఢిల్లీ. 2002 డిసెంబరులో పైలైనుతో మొదలుపెట్టి, 2004 డిసెంబరులో నేల కిందకు దిగింది. 2005లో చావ్‌డీ బజార్ కింద, అంటే రిక్షా కూడా సాఫీగా తిరగలేని పాత ఢిల్లీ సందుల కింద, స్టేషను తెరిచింది. 2017లో ఎర్రకోట, జామా మసీదు పక్క నుంచే మరో భూగర్భ లైను నడిచింది. హైదరాబాద్ పాతబస్తీ గురించి మాట్లాడే ప్రతివాడూ నేటికీ ఢిల్లీ పేరు ఎత్తడానికి కారణం ఇదే.

చెన్నపట్నం దిగిన దారి

నెల్లూరు జిల్లా వాసికి అందుబాటులో ఉన్న భూగర్భ రైలు చెన్నైదే. సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగ నీళ్ళు 1996 నుంచి ఆ నగరానికి పోతున్నాయి. మనుషులు ఆసుపత్రులకనీ, బట్టల కొనుగోళ్ళకనీ అంతకంటే చాలా ముందునుంచే పోతున్నారు.

పట్టాల విషయంలో మద్రాసు ఎప్పుడూ ముందే ఉంది. 1895లో కరెంటు ట్రాము, 1931లో బీచ్ స్టేషన్ నుంచి తాంబరానికి కరెంటు లోకల్ రైలు వచ్చాయి. ట్రాములు 1953లో ఆగిపోయాయి. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా స్తంభాల మీద నడిచే ఎంఆర్‌టీఎస్ వచ్చింది, 2007కి వేళచ్చేరి చేరింది. ఆ స్టేషన్లు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: కోటల్లాంటి కట్టడాలు, లోపల పలచగా జనం. బస్సుతో పొత్తు లేక, మెట్లెక్కే ఓపిక లేక, ఆ రైలు చాలాకాలం అనుకున్నంత నిండలేదు. పైన వేసినంత మాత్రాన రైలు నిండదన్న పాఠం చెన్నైకి అక్కడే అందింది.

చెన్నై మెట్రో సంస్థ 2007 డిసెంబరులో ఏర్పడింది. ఢిల్లీ మెట్రో సంస్థే నివేదిక రాసింది. 45 కిలోమీటర్లు, అంచనా 14,600 కోట్ల రూపాయలు, అందులో పెద్ద వాటా జపాన్ సంస్థ జైకా అప్పు. 2009లో పని మొదలైంది. 45 కిలోమీటర్లలో 24 నేల కిందే. 2015 జూన్ 29న కోయంబేడు నుంచి ఆలందూరు దాకా పైలైను తెరిచారు. 2017 మే 14న తిరుమంగళం నుంచి నెహ్రూ పార్కు దాకా మొదటి భూగర్భ భాగం తెరిచారు. ఆ రోజు ముఖ్యమంత్రి పళనిస్వామితో కలిసి జెండా ఊపిన కేంద్ర మంత్రి మళ్ళీ మన వెంకయ్యనాయుడే. 2019 ఫిబ్రవరికి మొదటి దశ పూర్తయింది, 2021లో విమ్కో నగర్ పొడిగింపుతో మొత్తం 54 కిలోమీటర్లయింది.

ఇదంతా సాఫీగా జరగలేదు. చెన్నై నేల ఒక రకం కాదు: ఒకచోట ఇసుక, పక్కనే బంకమన్ను, దాని కింద గట్టి రాయి. మట్టికి తగ్గట్టు బిగించిన యంత్రం రాయి తగిలితే మొరాయిస్తుంది. రాతికి బిగించినది ఇసుకలో అదుపు తప్పుతుంది. భూగర్భ భాగంలో రష్యా సంస్థ భాగస్వామిగా ఉన్న కాంట్రాక్టు మధ్యలో ఆగి, వేరే వాళ్ళ చేతికి పోయింది. 2017 ఏప్రిల్ 9న అన్నాసాలైలో, సొరంగం తవ్వుతున్న చోట, రోడ్డు ఉన్నట్టుండి కుంగింది. సిటీ బస్సు ఒకటి, దాని పక్కనే కారు ఒకటి గోతిలోకి వాలాయి. ప్రాణాలు పోలేదు. సొరంగం వ్యతిరేకులు నేటికీ చూపించే ఫొటో అదే. ఆ ఘటన జరిగిన అయిదు వారాలకే మొదటి భూగర్భ రైలు నడిచిందన్న సంగతి మాత్రం వాళ్ళు చెప్పరు.

ఇప్పుడు రెండో దశ: 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్లు. మూడు లైన్లలో రెండు మొదలయ్యేది నెల్లూరు బస్సులు ఆగే మాధవరంలోనే. సుమారు 42 కిలోమీటర్లు నేల కింద. తవ్వే యంత్రాలకు కొండల పేర్లూ పక్షుల పేర్లూ పెట్టారు. నీలగిరి, ఆనైమలై ఒక వైపు, ఫ్లమింగో ఇంకో వైపు. పులికాట్‌కు వలస వచ్చే ఫ్లమింగోలను ఎరిగినవాళ్ళం, ఆ పేరు మనకు నచ్చకపోదు.

హైదరాబాద్ ఎక్కిన దారి

హైదరాబాద్ కథ ఇంకో రకంగా నడిచింది. 2003 ఆగస్టులో లోకల్ రైలు ఎంఎంటీఎస్ వచ్చింది. అదే కాలంలో ఢిల్లీ మెట్రో సంస్థ ఈ నగరానికీ సర్వే చేసి నివేదిక ఇచ్చింది. 2007లో హైదరాబాద్ మెట్రో రైల్ సంస్థ పుట్టింది. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం పట్టిన దారి వేరు: కట్టేదీ నడిపేదీ ప్రైవేటు సంస్థే, దానికి ఆసరా స్టేషన్ల చుట్టూ భూములు.

2008 జులై వేలంలో మేటాస్ కూటమి గెలిచింది. గెలిచిన తీరే వింత. ప్రభుత్వం నుంచి సాయం అడగకపోగా, తిరిగి ప్రభుత్వానికే 30,311 కోట్లు ఇస్తానంది. మెట్రో కట్టి ఎదురు డబ్బిచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా అని ఢిల్లీ మెట్రో అధినేత ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. లెక్క వెనక ఉన్నది రైలు కాదు, భూముల వ్యాపారమని ఆయన అనుమానం. రాష్ట్ర ప్రభుత్వం దావా వేస్తామని మండిపడింది. 2009 జనవరిలో, మేటాస్ వెనకున్న కుటుంబానికే చెందిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది. జులైకి మేటాస్ ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సర్దుబాటు నిధి అడిగి పని దక్కించుకుంది. సెప్టెంబరు 4న ఒప్పందం అయింది. మూడు లైన్లు, 71 కిలోమీటర్లు, అంచనా 14,132 కోట్లు. 2017 నవంబరు 28న మియాపూర్, నాగోలు మధ్య 30 కిలోమీటర్లు ప్రధాని మోదీ ప్రారంభించారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, ఎంజీబీఎస్ లైను తెరిచాక నడుస్తున్నది 69.2 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు అలాగే ఆగిపోయాయి. మొత్తం గొడవకు మూలమైన పాతబస్తీ ముక్క అది.

నేల కిందకు దించాలన్న డిమాండు మొదట గట్టిగా లేచింది సుల్తాన్ బజార్లో. గాజులు, చీరలు, స్టీలు సామాన్లు అమ్మే ఆ ఇరుకు వీధిలో స్తంభం దిగితే దుకాణం ముఖమే పోతుందని వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు. తెలంగాణ వచ్చాక 2014లో కొత్త ప్రభుత్వం సుల్తాన్ బజార్లోనూ, అసెంబ్లీ దగ్గరా లైను కిందకు పోవాలి లేదా పక్కకు తప్పాలి అని పట్టు పట్టింది. సంస్థ ఒప్పుకోలేదు, కొంతకాలం పని సందిగ్ధంలో పడింది. చివరకు సుల్తాన్ బజార్లో రైలు పైనుంచే వెళ్ళింది. ఇప్పుడక్కడ నిలబడి తల ఎత్తితే రెండు వరసల మేడల మధ్య ఆకాశం ఉండాల్సిన చోట కాంక్రీటు పెట్టె కనిపిస్తుంది. కింద బేరాలు యథాప్రకారం సాగుతున్నాయి. వీధి చచ్చిపోతుందన్న జోస్యం నిజం కాలేదు. వీధి ముఖం మారిపోతుందన్నది మాత్రం నిజమయింది.

పైనే నయమన్న పక్షం

వీళ్ళ మొదటి మాట ఖర్చు. ఒక కిలోమీటరు పైన వేసే డబ్బుతో కింద అరకిలోమీటరు కూడా రాదంటారు. రెండో మాట వేగం: రోడ్డు మధ్య స్తంభాలు నాటి, ఫ్యాక్టరీలో పోత పోసిన ముక్కలు రాత్రిళ్ళు తెచ్చి పైకెక్కించవచ్చు. మూడోది నిర్వహణ: నేల కింద స్టేషనుకు పొద్దస్తమానం గాలి, చల్లదనం, దీపాలు, నీరు తోడే పంపులు కావాలి. టికెట్టు డబ్బుతో కరెంటు బిల్లు కట్టాల్సిన సంస్థకు ఇది చిన్న విషయం కాదు. నాలుగోది వరద. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు రోడ్లు పనికిరాకపోయినా పైలైను రైళ్ళు తిరిగాయి. 1908 నాటి మూసీ వరద మరిచిపోని ఊళ్ళో, 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకే మూసీ నీళ్ళు వచ్చిన ఊళ్ళో, ఈ మాట తీసిపారేయలేం.

పైలైను పక్షం చెప్పుకోని లాభం కూడా ఒకటుంది. హైదరాబాద్ వాళ్ళు ఇప్పుడు చిరునామా చెప్పేది పిల్లర్ నంబరుతో. 'ఫలానా పిల్లర్ దగ్గర లెఫ్ట్' అంటే ఆటోవాలాకి అర్థమవుతుంది. నేల కింద రైలు ఊరికి ఇంత ఉపకారం చేయలేదు!

నష్టాలు వాళ్ళు తక్కువ చేసి చెబుతారు. 2019 సెప్టెంబరులో వాన నుంచి తప్పించుకోవడానికి అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడ్డ ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. స్తంభాల వల్ల రోడ్డు మధ్యలో పోయిన వెడల్పు తిరిగి రాదు. భవిష్యత్తులో అదే రోడ్డు మీద ఫ్లైఓవర్ కావాలంటే దారి మూసుకుపోయినట్టే. అందుకేనేమో ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు ఒకే స్తంభం మీద కింద ఫ్లైఓవర్, పైన మెట్రో అనే డబుల్ డెక్కర్ పద్ధతి పట్టుకుంది. విశాఖలో ఇరవై కిలోమీటర్లు, విజయవాడలో నాలుగున్నర కిలోమీటర్లు దాటి ఇలా కట్టాలని ప్రతిపాదన.

కిందకు దించమన్న పక్షం

వీళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నవాళ్ళు కారు. సుల్తాన్ బజార్ వ్యాపారిది దుకాణం బాధ. చరిత్రకారుడిది దృశ్యం బాధ: మినార్ల ఎత్తుకు అడ్డంగా కాంక్రీటు గీత గీస్తే ఊరి రూపురేఖ చెడుతుందని. పాతబస్తీ నివాసిది ఇల్లు బాధ. దారుల్‌షిఫా నుంచి శాలిబండ మీదుగా ఫలక్‌నుమా దాకా పైలైను వేయాలంటే రోడ్డు వెడల్పు చేయక తప్పదు. ఇళ్ళూ దుకాణాలూ వందల్లో పోతాయి. దారి పొడుగునా మసీదులు, గుళ్ళు, అషుర్‌ఖానాలు, దర్గాలు ఉన్నాయి. స్తంభాల చోటు జరిపి, వంపులు తిప్పి వాటిని కాపాడతామని మెట్రో అధికారులు చెబుతున్నారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం స్టేషన్లు ఆ కట్టడాలకు సుమారు 500 మీటర్ల దూరంలో ఉంటాయని కూడా అంటున్నారు. రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు నిర్మాణం కుదరదన్న కేంద్ర చట్టం ప్రకారం చూస్తే దూరం సరిపోతుంది. చట్టం లెక్క కుదిరినంత మాత్రాన వీధి లెక్క కుదరదన్నది ప్రత్యర్థుల జవాబు.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర ఈ లైనుకు శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. అదీ పైనుంచే. గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారు చేసి, 2025 జనవరి నుంచి చెక్కులు ఇస్తున్నారు. పాతబస్తీలో ఒక గజం నేలకు ఇంత ఇస్తూ, నేల కిందకు పోతే ఆ డబ్బు మిగిలేదేమో లెక్క చూశారా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ మిగులు సొరంగం ఖర్చుకు ఏ మూలకూ చాలదని కూడా ఒప్పుకోవాలి.

కింది పక్షం బలహీనత ఒకటుంది. సొరంగం వేస్తే ఇళ్ళకు ఏ హానీ ఉండదన్నట్టు మాట్లాడతారు. 2019 ఆగస్టు 31న కలకత్తా బౌబజార్లో సొరంగం యంత్రం భూగర్భ జలాన్ని తాకింది. నీరూ మట్టీ లోపలికి కారిపోయి, పైన పాత మేడలు బీటలు వారి కూలాయి. జనం కట్టుబట్టలతో బయటపడ్డారు. పాతకాలపు సున్నం గోడలు, పునాది ఎంత లోతో ఎవరికీ తెలియని ఇళ్ళు పాతబస్తీలోనూ ఉన్నాయి. అదే కలకత్తా లైను 2024 మార్చిలో హుగ్లీ నది అడుగునుంచి నడిచిందన్నదీ నిజమే. నది కింద దాటగలిగినవాళ్ళు బౌబజార్ కింద తడబడ్డారు.

రెండూ వద్దన్న పక్షం

లోతు గురించి కొట్టుకోవడమే అనవసరం, ఆ డబ్బుతో బస్సులు కొనండి, ఎంఎంటీఎస్ పెంచండి అనేవాళ్ళు మూడో పక్షం. హైదరాబాద్ మెట్రోలో రోజుకు నాలుగున్నర నుంచి అయిదు లక్షల ప్రయాణాలు నడుస్తున్నాయి, చెన్నైలో మూడు లక్షలు దాటాయి. ఇంత డబ్బుకు ఇంతేనా అన్నది వాళ్ళ నిలదీత. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు బస్సు ఉచితమయ్యాక మెట్రో పెరుగుదల దెబ్బతిందని నిర్వహణ సంస్థే చెప్పుకుంది. 2025 మేలో మెట్రో గరిష్ఠ టికెట్టు 60 నుంచి 75 రూపాయలకు పెంచి, వెంటనే పది శాతం తగ్గింపు ప్రకటించాల్సి వచ్చింది. ప్రయాణికుడు ఎంత దాకా భరిస్తాడో ఆ తగ్గింపే చెబుతోంది.

ఈ పక్షం మాట చిన్న నగరాలకు బాగా నప్పుతుంది. 2025 నవంబరులో కేంద్రం కోయంబత్తూరు, మదురై మెట్రో ప్రతిపాదనలను జనాభా చాలదని వెనక్కి పంపింది. పెద్ద నగరాలకొచ్చేసరికి ఈ వాదం పలచబడుతుంది. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి ఇంకో వంద బస్సులు దించితే అవి నిలబడటానికే రోడ్డు లేదు.

రాయి సాకు

హైదరాబాద్ కింద గ్రానైటు ఉంది, తవ్వలేం అన్నది తరచూ వినిపించే మాట. ఇది సగం నిజం. సొరంగం యంత్రం ముందు భాగాన పెద్ద చక్రం ఉంటుంది, దానికి ఉక్కు కట్టర్లు. అది తిరుగుతూ ఎదురున్న దాన్ని గీకి, పొడిని వెనక్కి పంపుతుంది. మీటరు, ఒకటిన్నర మీటరు ముందుకు జరిగాక ఆగుతుంది. వెనకాల కాంక్రీటు ముక్కలను గాజులా చుట్టూ పేర్చి బిగిస్తారు. ఆ గాజునే ఆసరా చేసుకుని మళ్ళీ ముందుకు తోసుకుంటుంది. అంతా గట్టి రాయయితే కట్టర్లు త్వరగా అరుగుతాయి, వేగం తగ్గుతుంది, కానీ పైకప్పు కూలే భయం తక్కువ. అంతా మెత్తటి మట్టయితే వేగం బాగుంటుంది. నిజమైన ప్రమాదం సగం రాయి, సగం మట్టి ఉన్నచోట. బెంగళూరులో 'గోదావరి' అని పేరు పెట్టిన యంత్రం చిక్‌పేట, మెజెస్టిక్ మధ్య దెబ్బతిని నెలల తరబడి కదల్లేదు. అయినా ఆ లైను పూర్తయింది, రైళ్ళు నడుస్తున్నాయి.

కనుక రాయి ఆలస్యానికి కారణం అవుతుంది, అసాధ్యానికి కాదు. తెలుగు ఇంజనీర్లకు రాతి సొరంగాలు తెలియనివీ కావు. వెలిగొండ జంట సొరంగాల తవ్వకం చాలా ఏళ్ళు పట్టినా పూర్తయింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుని చనిపోయారు. రాయి గట్టిదే కదా అన్న ధీమాతో నీటి ఊటను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆ దుర్ఘటన చూపింది. నగరంలో అయితే ఆ ఊట పైన ఇళ్ళుంటాయి.

అసలు ఖర్చు ఎక్కడ

రాపూరు సొరంగం దగ్గరికి మళ్ళీ రావాలి. సుమారు 6.6 కిలోమీటర్లకు అయిన ఖర్చు 437 కోట్లని రైల్వే చెప్పింది, అంటే కిలోమీటరుకు 66 కోట్లు. ముంబైలో ఇంచుమించు పూర్తిగా నేల కింద నడిచే మూడో లైను 33.5 కిలోమీటర్లకు 37,276 కోట్లయింది. కిలోమీటరుకు 1,100 కోట్ల పైమాటే. రెండూ సొరంగాలే. ఇన్ని రెట్లు తేడా ఎందుకు? కొండ కింద స్టేషను లేదు. నగరంలో ఒక్కో స్టేషను సుమారు రెండు వందల మీటర్ల పొడవున, నాలుగైదు అంతస్తుల లోతున దించిన పెట్టె. చుట్టూ నీరు ఉబకకుండా మందపాటి గోడ, తవ్వుతున్నంతకాలం పైన ట్రాఫిక్కు తాత్కాలిక దారి, తప్పించాల్సిన మురుగు కాలువలు, కేబుళ్ళు, పొగ లాగే ఫ్యాన్లు, ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపులు. చెన్నై సెంట్రల్ మెట్రోలో ఎండలోంచి ఎస్కలేటర్ ఎక్కి ఒక అంతస్తు దిగి, హాలు దాటి, మళ్ళీ దిగి, ఇంకా దిగుతున్నప్పుడు ప్రయాణికుడికి చల్లగా తగిలేది ఆ డబ్బే. అంచేత 'సొరంగం ఖరీదు' అన్న మాట సరి కాదు. ఖరీదైనవి స్టేషన్లు. ఈ తేడా గమనిస్తే వాదం మారుతుంది: పాతబస్తీలో స్టేషన్లు తగ్గించి, స్టేషన్ల చోట ఖాళీ స్థలం ఎంచుకుని, మధ్యలో తొలుచుకుపోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మీద జరిగిన బహిరంగ చర్చ చాలా తక్కువ.

అంచనాలను పక్కపక్కన పెడితే: హైదరాబాద్ మొదటి దశ ఒప్పందం నాటికి కిలోమీటరుకు రెండు వందల కోట్లకు కాస్త తక్కువ. సగానికి పైగా నేల కిందున్న చెన్నై మొదటి దశ సుమారు 324 కోట్లు. విశాఖ ప్రతిపాదన 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్లు, అంటే 250 లోపు. విజయవాడ 38.4 కిలోమీటర్లకు 11,009 కోట్లు, అంటే 287 దాకా. హైదరాబాద్ రెండో దశ 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు, 318 కోట్లు. చెన్నై రెండో దశ 532 కోట్లు. ఏళ్ళు వేరు, రూపాయి విలువ వేరు, భూసేకరణ లెక్కలో కలిపారో లేదో వేరు. వీటిని ఒకే తక్కెడలో తూచకూడదు. కానీ వరస మాత్రం స్పష్టం.

ఆ వరస వెనక ఎవరి డబ్బన్న సంగతి ఉంది. చెన్నైలో కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టుబడి పెట్టి, తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పు తెచ్చాయి. అందుకని నేల కిందకు దిగే స్తోమత దొరికింది. హైదరాబాద్‌లో ప్రైవేటు సంస్థ బ్యాంకు వడ్డీకి అప్పు తెచ్చి, 35 ఏళ్ళలో తిరిగి రాబట్టుకోవాల్సి ఉండేది. అలాంటి సంస్థ ముందు సొరంగం మాట ఎత్తడం కౌలు రైతును పొలంలో బావి తవ్వమని అడగడం లాంటిది. కిందకా, పైకా అన్న నిర్ణయం హైదరాబాద్‌లో 2007, 2008ల్లో ఆ పద్ధతి ఎంచుకున్నప్పుడే అయిపోయిందని ఈ సమీక్ష అభిప్రాయం. తర్వాత సుల్తాన్ బజార్లో, అసెంబ్లీ ముందు జరిగిందంతా అయిపోయిన నిర్ణయం మీద ఆలస్యంగా వచ్చిన అభ్యంతరమే. 2025లో అప్పు 13,000 కోట్లు తలకెత్తుకుని, సుమారు 2,000 కోట్లు సంస్థకు చెల్లించి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి సిద్ధపడింది. ప్రైవేటు పద్ధతిలో ఆదా అయిందనుకున్నదాంట్లో ఎంత చివరకు ఖజానా మీదే పడిందో ఇప్పుడు లెక్క కట్టాలి.

తేలనివి

మొదటిది, ప్రభుత్వం చేతికొచ్చాక పాతబస్తీ లైను లోతు మళ్ళీ చర్చకు వస్తుందా? రోడ్డు వెడల్పు పని, పరిహారం చాలా దూరం వచ్చాయి. రాను రాను వెనక్కి తిరగడం కష్టమవుతుంది. రెండోది, కేంద్రం 2017 మెట్రో విధానం ప్రైవేటు భాగస్వామ్యాన్ని గట్టిగా కోరుతున్నప్పుడు విజయవాడ, విశాఖలకు చెన్నై పద్ధతి డబ్బు దొరుకుతుందా? పూర్తి ఖర్చు కేంద్రమే భరించాలని ఆంధ్రప్రదేశ్ అడిగింది. రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఈ రెండు మెట్రోల సాధ్యాసాధ్యాల పరిశీలన మాట ఉంది గాని డబ్బు మాట లేదు. మూడోది, సముద్రం పక్కనున్న విశాఖలో ఉప్పు గాలికి పైలైను నిర్వహణ ఎంత పెరుగుతుందన్నది. పెట్టుబడి అంచనాల్లో పైకి చవకగా కనిపించేది నలభై ఏళ్ళ లెక్కలో అంత చవకగా ఉంటుందా అన్నదానికి మన దగ్గర ఇంకా తగినంత అనుభవం లేదు. ఆత్మకూరు మీదుగా వేయాల్సిన నడికుడి శ్రీకాళహస్తి లైను 2011లో మంజూరై, నేల మీద పట్టాలే ఇంకా పూర్తి కాలేదు కాబట్టి, మెట్టసీమ పాఠకుడికి ఈ వాయిదాల భాష అనువాదం అక్కర్లేదు.

ఇంకొకటి. హైదరాబాద్ రెండో దశ ప్రతిపాదనలో నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల లైను ఉంది. అందులో 1.6 కిలోమీటర్లు, ఒక స్టేషను, నేల కింద. రాయి అదే, ఖర్చు లెక్క అదే, సంస్థ అదే. ఆ 76.4 కిలోమీటర్ల పథకంలో రైలు కిందకు దిగేది ఆ ఒక్కచోటే, విమానాశ్రయం ఆవరణలో.